ఒంటరి బాటసారి ఇబ్న్ బతూతా (ర)

చదువు పూర్తయింది. ఉద్యోగం కూడా ఖాయమైంది. చేరడానికి ఇంకా రెండు మూడు నెలల గడువుంది. ఈలోగా ఒక్కణ్ణే నాలుగు ఊళ్ళు తిరిగి వస్తానంటాడు కొడుకు. ఉద్యోగంలో చేరాక ఇంత తీరిక మళ్ళీ దొరకదన్నది అతని వాదన. దారిలో ఏదైనా జరిగితే చూసేవారెవరన్నది తల్లి బెంగ. తండ్రి ఎటూ చెప్పలేక ఊరుకుంటాడు. నేడు మన ఇళ్ళలో తరచు వినిపిస్తున్న చర్చ ఇది.

ఏడు వందల ఏళ్ళ క్రితం మొరాకో దేశపు యువకుడొకరు ఇదే వయసులో, ఇలాగే ఒంటరిగా ఇల్లు కదిలారు. ఆయనే సుప్రసిద్ధ యాత్రికుడు ఇబ్న్ బతూతా (ర). ఆయన ఎన్ని దేశాలు తిరిగారో చాలామందికి తెలుసు. బయలుదేరేటప్పుడు ఆయన ఏమేం ఆలోచించారు, ఆ ప్రయాణం ఆయనకు ఏమిచ్చింది, ఆయన నుంచి ఏం తీసుకుంది అన్న సంగతులు మాత్రం తక్కువమందికి తెలుసు. వాటినే మనం ఇక్కడ చూద్దాం.

ఇల్లు కదిలిన రోజు

ఇబ్న్ బతూతా (ర) హిజ్రీ 703 రజబ్ మాసంలో, అంటే క్రీ.శ. 1304లో, టాంజియర్ పట్టణంలో జన్మించారు. ఆయనది ఖాజీల వంశం. ఆయన కూడా మాలికీ ఫిఖహ్ అభ్యసించారు. చదువు ఒక దశకు వచ్చింది. ఇంకా ఏ పదవీ చేపట్టలేదు. సరిగ్గా ఆ సమయంలో, హిజ్రీ 725 రజబ్ 2వ తేదీన, అంటే 1325 జూన్ 14న ఆయన ఇల్లు విడిచారు. అప్పటికి ఆయన వయసు 21 సంవత్సరాలు. వెంట స్నేహితుడు లేడు. ఏ బిడారుతోనూ కలిసి వెళ్ళలేదు. తల్లిదండ్రులిద్దరూ సజీవంగా ఉన్నారు. ఆ ఎడబాటు వారికీ, తనకూ ఎంతో బాధ కలిగించిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

అయితే ఆయన ఉద్దేశం సరదాగా తిరిగి రావడం కాదు. కాబా గృహాన్ని దర్శించి హజ్ చేయాలి, మదీనా వెళ్ళాలి. ఈ సంకల్పమే ఆయన్ని ఇంటి నుంచి కదిలించింది.

తిలిమ్సాన్‌లో మూడు రాత్రులు

కొన్నాళ్ళకు ఆయన తిలిమ్సాన్ నగరం చేరుకున్నారు. తూనిస్ సుల్తాన్ పంపిన ఇద్దరు రాయబారులు అప్పుడే ఆ నగరం నుంచి తిరుగు ప్రయాణమయ్యారు. వారితో కలిసి వెళ్ళమని ఒక సోదరుడు ఆయనకు సలహా ఇచ్చాడు. ఆ యువకుడు వెంటనే పరుగెత్తలేదు, సలహాను తోసిపుచ్చనూ లేదు. ఇస్తిఖారా చేశారు. మూడు రాత్రులు అక్కడే ఉండి ప్రయాణానికి కావలసినవి సమకూర్చుకున్నారు. ఆ తర్వాత వేగంగా వెళ్ళి వారిని కలుసుకున్నారు.

ఇస్తిఖారా అంటే కలలో సమాధానం కనబడే వరకు చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. రెండు రకాతుల నమాజు చేసి, ఈ పనిలో మేలుంటే సులభం చెయ్యమని, కీడుంటే తప్పించమని అల్లాహ్‌ను వేడుకోవడం. దైవప్రవక్త (స) తన సహచరులకు ఖుర్ఆన్ సూరాలను నేర్పినంత శ్రద్ధగా ఈ దుఆను నేర్పారు. ఇబ్న్ బతూతా (ర) తెలిసినవారి సలహా విన్నారు, అల్లాహ్‌ను వేడుకున్నారు, ఏర్పాట్లూ చేసుకున్నారు.

ఇస్తిఖారా చేశాక కష్టాలే రావనుకోవడమూ పొరపాటే. ఎండ తీవ్రతకు ఆ రాయబారులిద్దరూ దారిలో జబ్బుపడ్డారు. వారిలో ఒకరు మరణించారు. ఇబ్న్ బతూతా (ర) తూనిస్ వర్తకులతో కలిసి ముందుకు సాగారు.

జ్వరం, కన్నీళ్ళు

బిజాయా పట్టణంలో ఆయనకు తీవ్రమైన జ్వరం వచ్చింది. తగ్గేవరకు ఆగమని తోటి ప్రయాణికుడొకరు చెప్పారు. మరణమే రాసిపెట్టి ఉంటే అది హిజాజ్ దారిలోనే రానీ అని ఆయన నిశ్చయించుకున్నారు. అప్పుడా పెద్దమనిషే, బరువైన సామాను, వాహన జంతువు అమ్మేసి తేలికగా నడవమని చెప్పి, తన జంతువును, గుడారాన్ని ఎరువిచ్చారు. దారిలో దొంగల భయం. ఆగడానికి వీల్లేదు. నీరసంతో కిందపడిపోతానేమోనని తలపాగా గుడ్డతో జీనుకు తనను తాను కట్టుకుని ఆయన ప్రయాణించారు.

తూనిస్ చేరగానే నగరవాసులు ఎదురొచ్చి తమవారిని పలకరించారు, కుశల ప్రశ్నలు వేశారు. ఈ యువకుడికి సలాం చెప్పినవారు ఒక్కరూ లేరు. ఒంటరితనం ఆయన్ని కుదిపేసింది. కన్నీళ్ళు ఆగలేదు. అది గమనించిన ఒక హాజీ దగ్గరికొచ్చి సలాం చేసి, ఊరట మాటలు చెబుతూ నగరంలోకి తీసుకెళ్ళారు. ఒక్క సలాం ఎంత పని చేస్తుందో చూడండి. మన మస్జిద్‌కు కొత్త ముఖం వచ్చినప్పుడు ఈ సంఘటన గుర్తుంచుకోవాలి.

ఒంటరితనంలో ఎంత హాని ఉందో తెలిస్తే రాత్రివేళ ఎవరూ ఒంటరిగా ప్రయాణించరని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ముగ్గురు కలిసి వెళితే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోమని బోధించారు. ఇబ్న్ బతూతా (ర) ఒంటరిగా బయలుదేరినా ఒంటరిగా కొనసాగలేదు. ప్రతి మజిలీలోనూ మంచి తోడు వెతుక్కున్నారు.

దారిలోనే మొదటి ఉద్యోగం

ఆయన తూనిస్‌లో రంజాన్ పండుగ జరుపుకున్నారు. హజ్ బిడారు సిద్ధమైంది. ఆ బిడారుకు ఖాజీగా ఆయన్నే నియమించారు. ఇంటి దగ్గర అభ్యసించిన ఫిఖహ్ దారిలో ఉద్యోగం తెచ్చిపెట్టింది. విద్య ఉన్న ప్రయాణికుడు ఎక్కడికెళ్ళినా భారం కాడు.

ఎర్ర సముద్రం దాటుదామని ఐజాబ్ రేవు వరకు వెళితే అక్కడ యుద్ధం కారణంగా ఓడలు లేవు. కైరో తిరిగొచ్చి సిరియా దారి పట్టారు. 1326 రంజాన్ మాసంలో డమాస్కస్ చేరి, జామె మస్జిద్‌లో సహీహ్ బుఖారీ పాఠం విన్నారు. పలువురు ఉలమా నుంచి ఇజాజాలు పొందారు. ఆ ఏడాదే హజ్ నెరవేరింది.

ఆలస్యమైన తిరుగు ప్రయాణం

సంకల్పం నెరవేరింది. కాని ఆయన ఇంటిముఖం పట్టలేదు. ఇరాక్, ఇరాన్, తూర్పు ఆఫ్రికా, టర్కీ ప్రాంతాలు చూశారు. 1333లో సింధు నది తీరం చేరారు. ఢిల్లీలో సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయనకు ఖాజీ పదవిచ్చారు. జీతం ఏడాదికి 12,000 దీనార్లు. తర్వాత మాల్దీవుల్లోనూ ఖాజీగా పనిచేశారు. చైనా కూడా వెళ్ళారు.

1348లో డమాస్కస్ తిరిగొచ్చారు. తన ఊరివాడైన ఒక పండితుడు అక్కడ కలిశారు. తండ్రి చనిపోయి పదిహేనేళ్ళయిందని, తల్లి బతికే ఉన్నారని చెప్పారు. చాలా ఏళ్ళ క్రితం ఆయన అదే నగరంలో గర్భవతి అయిన భార్యను విడిచి వెళ్ళారు. ఆమెకు కొడుకు పుట్టాడని భారతదేశంలో ఉండగా తెలిసింది. డబ్బు పంపారు. ఇప్పుడు విచారిస్తే ఆ బిడ్డ పోయి పన్నెండేళ్ళయిందన్నారు. కన్నకొడుకు ముఖం ఆయన చూడనే లేదు.

1349లో మొరాకోలో అడుగుపెట్టారు. తాజా పట్టణం చేరేసరికి తల్లి ప్లేగు వ్యాధితో మరణించిన వార్త తెలిసింది. ఇరవై నాలుగేళ్ళ తర్వాత టాంజియర్ వెళ్ళిన కొడుకుకు కనబడింది తల్లి సమాధే.

తర్వాత సుల్తాన్ ఆజ్ఞపై ఆయన చెబుతుండగా యాత్రా గ్రంథం రాయించారు. అది 1355లో పూర్తయింది. ఆనాటి ముస్లిం ప్రపంచం గురించి మనకెంతో తెలిపే గ్రంథమది. శేషజీవితం మొరాకోలోనే ఖాజీగా గడిపి, హిజ్రీ 770 ప్రాంతంలో కన్నుమూశారు.

మనకు పాఠం

భూమిపై సంచరించి సృష్టిని పరికించమని దివ్య ఖుర్ఆన్ చెబుతోంది. కాబట్టి ప్రయాణం తప్పు కాదు. అదే సమయంలో, ప్రయాణం ఒక విధమైన యాతన అని, పని పూర్తికాగానే త్వరగా ఇంటివారి దగ్గరికి చేరుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఇబ్న్ బతూతా (ర) జీవితంలో ఈ రెండూ కళ్ళకు కడతాయి.

యువకులారా! బయలుదేరే ముందు మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. నా ఉద్దేశం ఏమిటి? అమ్మానాన్నలు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా? తెలిసినవారిని అడిగానా? ఇస్తిఖారా చేశానా? దారిలో మంచి తోడు దొరుకుతుందా? నమాజుకు ఆటంకం లేదుగదా? ఖర్చుకు అప్పు చేయడం లేదుగదా? అన్నిటికంటే ముఖ్యంగా, తిరిగొచ్చే తేదీ ఇంట్లో చెప్పానా? ఆడపిల్లల ప్రయాణానికి మహ్రమ్ విషయంలో ఉలమాను విచారించాలి.

తల్లిదండ్రులారా! సంకల్పం మంచిదైతే భయంతోనే కాదనకండి. దుఆతో సాగనంపండి.

అల్లాహ్ మన బిడ్డల ప్రయాణాలను శుభప్రదం చేసి, వారిని క్షేమంగా, సకాలంలో, కన్నవారు కళ్ళారా చూసుకునేలా ఇంటికి చేర్చుగాక! ఆమీన్.