అన్వారుల్లా ఫారూఖీ

మౌలానా అన్వారుల్లా ఫారూఖీ (1848 - 1918) హైదరాబాదు రాజ్యానికి చెందిన ఇస్లామీయ పండితుడు, ఉర్దూ రచయిత, విద్యావేత్త. హైదరాబాదు పాతబస్తీలోని జామియా నిజామియా అనే ఆవాస మతవిద్యాలయాన్ని స్థాపించాడు. ఆరవ, ఏడవ నిజాములకు గురువు. ఫజీలత్ జంగ్ అనే బిరుదుతో ప్రసిద్ధుడు.

బాల్యం, ఉద్యోగం

ఈయన అప్పటి హైదరాబాదు రాజ్యంలోని నాందేడ్ ప్రాంతంలో (ప్రస్తుతం మహారాష్ట్ర) జన్మించాడు. చిన్నతనంలోనే ఖురాన్‌ను కంఠస్థం చేసి హాఫిజ్ అయ్యాడు. లక్నోలోని ఫిరంగీ మహల్ పరంపరకు చెందిన మౌలానా అబ్దుల్ హై వద్ద అభ్యసించాడు. కొంతకాలం రెవెన్యూ శాఖలో పనిచేశాడు. ఒకసారి వడ్డీ లావాదేవీకి సంబంధించిన కాగితం రాయవలసి వచ్చింది. ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం కనుక ఆయన ఆ ఉద్యోగాన్నే వదులుకున్నాడు.

జామియా నిజామియా

1876లో ఈ విద్యాలయాన్ని ప్రారంభించాడు. 18వ శతాబ్దంలో ముల్లా నిజాముద్దీన్ రూపొందించిన దర్సె నిజామీ పాఠ్యక్రమం దీనికి ఆధారం. విద్యార్థులకు ఉచితంగా వసతి, భోజనం కల్పించేవారు.

బాల్యంలోనే సింహాసనమెక్కిన మహబూబ్ అలీ ఖాన్‌కు, ఆ తరువాత ఉస్మాన్ అలీ ఖాన్‌కు కూడా ఈయన చదువు చెప్పాడు. ఒకవైపు పేద విద్యార్థులు, మరొకవైపు దండించడానికి వీలులేని రాజశిష్యులు. ఇద్దరికీ ఆయనే గురువు.

క్రమశిక్షణ

మదరసా విద్యలో క్రమశిక్షణకు మూలం అదబ్, అనగా మర్యాద, వినయం. శిక్షించి సరిదిద్దడం అనే అర్థంలో వాడే తాదీబ్ కూడా ఇదే ధాతువు నుండి పుట్టింది. ఒకే మాట నుండి మన్ననా, దండనా రెండూ వచ్చాయి. అతిగా దండిస్తే పిల్లలకు అబద్ధం, కపటం అలవడతాయని 14వ శతాబ్దంలోనే ఇబ్న్ ఖల్దూన్ హెచ్చరించాడు. అన్వారుల్లా రచించిన అన్వారె అహ్మదీలో ప్రవక్త పట్ల పాటించవలసిన అదబ్ ప్రధాన విషయం. తాను నమ్మిన నియమాన్ని ముందు తనకే వర్తింపజేసుకున్నాడనడానికి ఉద్యోగ పరిత్యాగమే నిదర్శనం.

విద్యాహక్కు చట్టం (2009) బడుల్లో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. అయితే 2012 సవరణ మదరసాలను, వేద పాఠశాలలను ఆ చట్టం పరిధి నుండి మినహాయించింది. అందువలన, ఇంటికి దూరంగా ఉండి చదివే పిల్లల విషయంలో గురువు స్వీయ నిగ్రహానికి నేటికీ ఎంతో ప్రాధాన్యం ఉంది.

ఇతర సేవలు

1888లో ఏర్పడిన దాయిరతుల్ మారిఫ్ స్థాపకులలో ఈయన ఒకడు. అరుదైన అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించి ముద్రించిన సంస్థ ఇది. కన్జుల్ ఉమ్మాల్ అనే హదీసుల సంకలనం ఇక్కడే ముద్రణ పొందింది. ఏడవ నిజాం కాలంలో ఈయన మత వ్యవహారాల మంత్రిగా పనిచేశాడు.

మరణం

అన్వారుల్లా ఫారూఖీ 1918లో మరణించాడు. ఆయన సమాధి జామియా నిజామియా ప్రాంగణంలోనే, విద్యార్థులు చదువుకునే చోటనే ఉంది.