పుస్తకం తెరిచే ముందు పోతనలా పది నిమిషాలు

పొద్దున లేవగానే మీ చెయ్యి ముందు దేని మీదికి పోతుంది? చాలామందికి ఫోన్ మీదికే. నోటిఫికేషన్ వచ్చిందా, పరీక్ష వాయిదా పడిందా, రిజల్ట్స్ ఎప్పుడు... వాట్సాప్ గ్రూపుల్లో ఇవన్నీ చూసి పుస్తకం తెరిచేసరికి గంట గడిచిపోతుంది. తెరిచాక కూడా మనసు అక్కడ ఉండదు. జనగామ లైబ్రరీలో కూర్చునేవాళ్లకైనా, మానుకోటలో రైలెక్కి వరంగల్ కోచింగ్‌కు వెళ్లేవాళ్లకైనా, భూపాలపల్లిలో నాన్న బొగ్గుబాయి షిఫ్టుకు బయల్దేరే వేళకే లేచి చదివేవాళ్లకైనా ఇబ్బంది ఇదే. ఉపాయం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర దాకా పోతే చాలు.

గురువు లేని చదువు

ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా మోసిన పోతన 15వ శతాబ్దపు కవి. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. శివభక్తుల కుటుంబం. చిన్న వయసులోనే వీరభద్ర విజయం రాశాడు. తనను తాను సహజ పాండిత్యుడినని చెప్పుకున్నాడు. అంటే ఎవరో కూర్చోబెట్టి నేర్పితే వచ్చిన చదువు కాదు, సొంతంగా పట్టుకున్నది. కోచింగ్‌కు డబ్బుల్లేక సొంతంగా ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. జనం నోట నిలిచిన పోతన చేతిలో గంటంతో పాటు నాగలి కూడా ఉంటుంది.

అప్పట్లో కావ్యం రాసి రాజుకు అంకితమిస్తే ఊళ్లు, వాహనాలు, సొమ్ములు వచ్చేవి. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే లైఫ్ సెటిల్. పోతన అది వద్దనుకొని తన భాగవతాన్ని శ్రీరాముడికి అంకితమిచ్చాడు. మీరూ ఉద్యోగం వద్దనుకోవాలని కాదు. ఈ పని ఎవరి కోసం చేస్తున్నానన్నది ఆయనకు మొదటి రోజే తెలుసు. ఆ స్పష్టత ఉంటే మనసు అటూ ఇటూ పోదు.

పని మొదలుపెట్టిన తీరు

పోతన మనకు టైంటేబుల్ ఏమీ రాసిపెట్టలేదు. కానీ భాగవతం ఎలా మొదలైందో గ్రంథం ఆరంభంలో తానే చెప్పాడు. అది పున్నమి రాత్రి, చంద్రగ్రహణం. పెద్దల అనుమతి తీసుకొని గంగకు వెళ్లాడు. స్నానం చేసి, ఒడ్డున ఇసుకతిన్నె మీద కూర్చున్నాడు. కళ్లు పూర్తిగా మూయలేదు, పూర్తిగా తెరవలేదు. మహేశ్వరుణ్ని ధ్యానిస్తున్నాడు. అప్పుడు రాముడు కనిపించి, భాగవతాన్ని తెలుగు చేయమన్నాడట. శివుణ్ని తలుచుకుంటూ కూర్చున్నవాడు లేచి విష్ణుకథ మొదలుపెట్టాడు. అయినా వెంటనే గంటం పట్టలేదు. ఏకశిలానగరానికి వచ్చి గురువులకు, పెద్దలకు, పండితులకు, బంధువులకు చెప్పి, వాళ్లు సరేనన్నాకే రాయడానికి కూర్చున్నాడు. ఆ ఏకశిలానగరం మన ఓరుగల్లేనని ఇక్కడివాళ్ల మాట.

ఈ వరుస చూడండి. ఒంటికి నీళ్లు, ఒక చోట కుదురుగా కూర్చోవడం, ఒకే ఆలోచన, అయినవాళ్లకు ఒక మాట, ఆ తర్వాతే పని. ఆయన చేసింది రాత్రి. మీరు దాన్ని పొద్దుటికి మార్చుకోవచ్చు.

తెలిసినంత చాలు

భాగవతం చిన్న పుస్తకం కాదు. సంస్కృతంలో 12 స్కంధాలు, 18 వేల శ్లోకాలని చెబుతారు. మీ సిలబస్ చూస్తే మీకు కలిగే భయం అంత పెద్ద పని ముందు ఎవరికైనా కలుగుతుంది. దానికి పోతన జవాబు చాలా సాదాగా ఉంటుంది. భాగవతాన్ని పూర్తిగా తెలుసుకోవడం శివుడికీ బ్రహ్మకూ కూడా కష్టమేనని ఒప్పుకున్నాడు. పెద్దల వల్ల విన్నంత, తాను చూసినంత, తనకు అర్థమైనంత చెబుతానన్నాడు. మొత్తం తెలిశాకే మొదలుపెడతానని కూర్చుంటే మనకు గజేంద్రమోక్షమూ ప్రహ్లాద చరిత్రా దక్కేవి కావు.

గజేంద్రమోక్షం రాస్తుండగా ఒక పద్యం మధ్యలో ఆగిపోతే, గంటం పక్కనపెట్టి బయటికి వెళ్లాడని ఒక కథ ఉంది. తిరిగొచ్చేసరికి రాముడే ఆ పద్యం పూర్తి చేశాడంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, లెక్క తెగనప్పుడు లేచి నాలుగడుగులు వేసి రావడం మీకూ పనికొస్తుంది.

మీ పది నిమిషాలు

* లేవగానే మొహం కడుక్కోండి, వీలైతే స్నానం చేయండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. అలారం కోసమే అయితే చిన్న గడియారం కొనుక్కోండి.
* రోజూ ఒకే చోట కూర్చోండి. ఐదు నిమిషాలు కళ్లు సగం మూసి ఒక్కదాని మీదే మనసు పెట్టండి. దేవుడైనా సరే, మీ ఊపిరైనా సరే. పూర్తిగా మూస్తే తెల్లవారుజామున నిద్ర ముంచుకొస్తుంది, పూర్తిగా తెరిస్తే చూపు చుట్టూ తిరుగుతుంది. మనసు పక్కకు పోతే తిట్టుకోవద్దు, మళ్లీ తెచ్చుకోండి.
* ఇవాళ చేయబోయే ఒక్క పని కాగితం మీద రాయండి. సిలబస్ మొత్తం కాదు, ఒక్క చాప్టర్.
* ఆ మాట అమ్మకో, రూమ్మేట్‌కో చెప్పండి. చెప్పిన మాట మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడుతుంది.
* వెంటనే పుస్తకం తెరవండి. టీ తర్వాత అనుకోవద్దు.

పోతన భాగవతంలో కొన్ని భాగాలు ఆయన చేతి మీదివి కావు. ఐదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ నారయ రాశారు. అయినా అది పోతన భాగవతమే, ఎందుకంటే మొదలుపెట్టింది ఆయన. రేపు పొద్దున మీరు రాసుకునే ఆ ఒక్క చాప్టర్ ఏదో, ఇవాళ పడుకునే ముందే అనుకోండి.