సురవరం ప్రతాపరెడ్డి

సురవరం ప్రతాపరెడ్డి (1896 మే 28 - 1953 ఆగష్టు 25) తెలంగాణకు చెందిన పత్రికా సంపాదకుడు, చరిత్ర పరిశోధకుడు, బహుభాషా పండితుడు. గోలకొండ పత్రిక సంపాదకుడిగా, ఆంధ్రుల సాంఘిక చరిత్ర గ్రంథకర్తగా ఆయన సుప్రసిద్ధుడు. హైదరాబాదులోని రెడ్డి వసతిగృహంలో విద్యార్థుల కోసం ఒక గొప్ప గ్రంథాలయాన్ని తీర్చిదిద్దిన కృషి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

బాల్యము, విద్య

ప్రతాపరెడ్డి స్వగ్రామం పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, పినతండ్రి అండన కర్నూలులో చదువుకున్నాడు. అక్కడే వెల్లాల శంకరశాస్త్రి వద్ద సంస్కృతం అభ్యసించాడు. తరువాత హైదరాబాదు నిజాం కళాశాలలోను, మద్రాసులోను చదివి పట్టభద్రుడయ్యాడు. తిరువనంతపురంలో న్యాయశాస్త్రం పూర్తిచేసి కొంతకాలం న్యాయవాద వృత్తిలో ఉన్నాడు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఆంగ్లం తెలిసినవాడు కావడం తరువాత గ్రంథాలయ నిర్వహణలో ఆయనకు బాగా కలిసివచ్చింది.

రెడ్డి వసతిగృహము

నేడు అమీర్‌పేట, కృష్ణానగర్ వంటి పేటలలోని హాస్టళ్ళను చూసినవారికి వసతిగృహమంటే పడుకోవడానికి ఒక మంచం, రెండుపూటలా భోజనం మాత్రమే స్ఫురిస్తాయి. నిజాం పాలనాకాలంలో పరిస్థితి వేరు. ఉన్నత పాఠశాలలు చాలావరకు పట్టణాలకే పరిమితమై ఉండేవి. పల్లెటూరి బాలుడు పన్నెండు, పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి నగరానికి వస్తే తలదాచుకునే చోటు దొరకడమే కష్టం. ఈ లోటు తీర్చడానికి రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి 1918లో రెడ్డి వసతిగృహాన్ని స్థాపించాడు. ఆయన 1920 నుండి హైదరాబాదు కొత్వాలుగా, అనగా నగర పోలీసు అధిపతిగా పనిచేశాడు. కొత్వాలు కోరికపై ప్రతాపరెడ్డి 1920లలో వసతిగృహ నిర్వహణ బాధ్యత స్వీకరించి, కార్యదర్శిగా చాలాకాలం కొనసాగాడు.

వసతిగృహం వెలసిన 1918వ సంవత్సరమే ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాజ్యంలో అధికసంఖ్యాకుల భాష తెలుగు. అయినా పాఠశాలలోను, కచేరీలోను దానికి చోటు లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే బాలుడు బడిలో ఉర్దూ చదివి, తన భాషలో ఒక మంచి పుస్తకమైనా చూడకుండానే చదువు ముగించే ప్రమాదం ఉండేది. నగరంలో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అప్పటికే ఉంది. కానీ అది వెదుక్కుంటూ వెళ్ళవలసిన చోటు. ప్రతాపరెడ్డి చేసిన పని పుస్తకాలను పిల్లలు నివసించే కప్పు కిందికే తీసుకురావడం. గ్రంథాలయం ఎక్కడో ఊరి మధ్యలో కాక, భోజనశాల, పడకగదులు ఉన్న ఆవరణలోనే ఉండడం వల్ల బడి విడిచిన తరువాత మిగిలే సాయంకాలం చదువుకు దక్కింది.

ఆయన తెలుగుతోపాటు ఇతర భాషల గ్రంథాలను కూడా సేకరించాడు. కొన్నేళ్ళలోనే పుస్తకాల సంఖ్య వేలకు చేరింది. పాఠ్యపుస్తకాలకు అనుబంధంగా ఉండే చిన్న అలమరగా మిగలక, పరిశోధకులకు సైతం పనికివచ్చే స్థాయిని ఈ గ్రంథాలయం అందుకుంది. పిల్లలకు పిల్లల పుస్తకాలే చాలునని ఆయన అనుకోకపోవడం గమనించదగినది.

గ్రంథాలయాలను, సభలను పాలకులు అనుమానంగా చూసిన కాలమది. సభ జరపాలంటే ముందుగా అనుమతి పొందవలసి వచ్చేది. అటువంటి నగరంలో సాక్షాత్తు కొత్వాలు స్థాపించిన వసతిగృహంలోనే తెలుగు గ్రంథాలయం పెరిగింది! కొత్వాలు పేరే దానికి కొంత రక్షణ అయి ఉండవచ్చు. ఇక్కడ ఉండి చదువుకున్నవారిలో రావి నారాయణరెడ్డి ఒకడు. తరువాత తెలంగాణ సాయుధ పోరాట నాయకుడైన ఆయన 1952లో నల్లగొండ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ఈ వసతిగృహం ఒక కులం పేరుతో వెలసిన బాలుర సంస్థ. అందువల్ల దాని గ్రంథాలయం అందరికీ సమానంగా అందలేదన్నది నిజం. బాలికలకు తెలుగులో చదువుకునే అవకాశం కోసం మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో ప్రత్యేకంగా పాఠశాల స్థాపించవలసి వచ్చింది.

పత్రిక, రచనలు

1920ల నడుమ మొదలైన గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు వెలువడి, తరువాత దినపత్రిక అయింది. తెలంగాణలో కవులు లేరన్న విమర్శకు జవాబుగా ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక ప్రచురించాడు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949), హిందువుల పండుగలు, రామాయణ విశేషములు ఆయన ముఖ్య రచనలు. గ్రంథాలయోద్యమం గురించి కూడా ఒక పుస్తకం రాశాడు.

ప్రజాజీవితము

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. 1940లలో గ్రంథాలయ మహాసభలకు కూడా అధ్యక్షత వహించాడు. 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యాడు. మరుసటి సంవత్సరం జనవరిలో వెంకటరామారెడ్డి, ఆగష్టు 25న ప్రతాపరెడ్డి మరణించారు. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. తెలుగు రచనకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై ఆయన విగ్రహం ఉంది.