ఖాళీ గళ్ళు వదిలిన మెండలీఫ్

సాయంత్రం కూరలకని చిక్కడపల్లి వైపు వెళ్తుంటే, అశోక్‌నగర్ సందుల్లో పరీక్షలకి చదివే పిల్లలు హైడ్రోజన్, హీలియం, లిథియం అంటూ వల్లె వేయడం చెవిన పడుతుంది. నేనూ ఒకప్పుడు అలా బట్టీ పట్టినదాన్నే. ఆ పట్టిక వెనక ఓ తల్లి ఉందని మాత్రం అప్పుడెవరూ చెప్పలేదు.

ద్మిత్రి మెండలీఫ్ 1834లో సైబీరియాలోని తొబోల్స్క్‌లో పుట్టాడు. ఇంటినిండా పిల్లలు, ఇతను ఆఖరివాడు. ఆ రోజుల్లోనే హెడ్మాస్టరు తండ్రికి చూపు పోయింది. తల్లి మరియా పుట్టింటివాళ్ళ గాజు కార్ఖానా నడిపి సంసారం లాక్కొచ్చింది. 1847లో భర్త పోయాడు. మరుసటేడు కార్ఖానా కాలిపోయింది. అయినా యాభై దాటిన ఆవిడ, కొడుకునీ కూతురు లీజానీ వెంటబెట్టుకుని దాదాపు రెండువేల కిలోమీటర్లు ప్రయాణించి మాస్కో చేరింది. అక్కడ యూనివర్సిటీ చేర్చుకోలేదు. పీటర్స్‌బర్గ్ వెళ్ళింది. 1850లో, తండ్రి చదివిన ఉపాధ్యాయ విద్యాలయంలోనే కొడుక్కి సీటు దొరికింది. ఆ ఏడే ఆవిడ కన్నుమూసింది.

పిల్లలకి కెమిస్ట్రీ పుస్తకం రాస్తూ, మూలకాలను ఏ వరసలో చెప్పాలా అని ఆలోచిస్తుంటే దొరికింది పట్టిక. అది 1869. అప్పటికి తెలిసినవి 63. పరమాణు భారం వరసన పేరిస్తే, కొన్నిటి తర్వాత మళ్ళీ అవే గుణాలు తిరిగొస్తున్నాయి. గోడ క్యాలెండర్లో సోమవారాలన్నీ ఒకే వరసలో పడతాయే, అలా. మనం తినే ఉప్పులో ఉండే సోడియం, దాని చుట్టం పొటాషియం, రెండూ నీళ్ళు తగిలితే రేగిపోయేవే, ఒకే కుటుంబం. బరువు ప్రకారం అయోడిన్ ముందు రావాలి, టెల్లూరియం వెనక. గుణాలు చూసి ఆ రెంటినీ తారుమారు చేశాడు. మొండి ధైర్యం!

ఇమడని చోట ఖాళీ గడి వదిలేశాడు. అల్యూమినియం కింది గడికి పెట్టిన పేరు ఏక అల్యూమినియం. అవును, మన సంస్కృతం ఏకమే. 1875లో ఫ్రాన్స్‌లో అది గాలియంగా దొరికింది. సాంద్రత 4.7 అన్నారు. చూడకుండానే, మళ్ళీ కొలవండి, ఆరుకి దగ్గరగా ఉండాలన్నాడు. కొలిస్తే 5.9! తర్వాత 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం కూడా తమ గళ్ళలోకి వచ్చి కూర్చున్నాయి. బరువు కాదు, పరమాణు సంఖ్యే అసలు వరస అని 1913లో మోస్లే తేల్చాడు. ఇప్పుడవి 118.

అన్నట్టు, ఇతను భర్తగా ఏమంత గొప్పవాడు కాదు. మొదటి భార్య ఫెయోజ్వాను వదిలి, 1882లో తనకన్నా చాలా చిన్నదైన అన్నాను చేసుకున్నాడు. ఆ సంగతి మన పాఠాల్లో ఉండదు.

1887లో ద్రావణాల మీద రాసిన పుస్తకాన్ని మాత్రం అమ్మకి అంకితమిచ్చాడు, ఆవిడ పోయిన ముప్పై ఏడేళ్ళకి.