గోపీనాథం గుడిలో ఓ తెలుగు అధికారి

కర్ణాటక, తమిళనాడు సరిహద్దులో మలె మహదేశ్వర కొండల దిగువన గోపీనాథం అనే చిన్న ఊరుంది. పాలనపరంగా కర్ణాటకది, ఇళ్లలో వినిపించేది తమిళం. గంధపు చెక్కల దొంగ వీరప్పన్ పుట్టిన ఊరు కావడం వల్ల దాని పేరు దేశమంతా తెలిసింది. ఆ ఊరి మారియమ్మ గుడిలో దేవతల పటాల పక్కన ఓ ప్రభుత్వాధికారి ఫొటో కూడా పూజలందుకుంటోంది. ఆయన అక్కడివాడు కాదు. మన రాజమండ్రిలో 1954లో పుట్టిన పందిళ్లపల్లి శ్రీనివాస్. భారత అటవీ సర్వీసులో 1979 బ్యాచ్, కర్ణాటక కేడర్. 1991 నవంబరు 10న, 37 ఏళ్ల వయసులో వీరప్పన్ చేతిలో హతమయ్యారు.

పదవీ విరమణ తర్వాత ఒకసారి పనిగట్టుకుని ఆ ఊరు వెళ్లాను. సైన్యంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాడిగా ఎన్నో అమరవీరుల స్తూపాల ముందు వందనం చేశాను. గుడిలో, అదీ శత్రువు సొంత ఊరి గుడిలో, ఓ అధికారి పటం చూడటం మాత్రం అదే మొదటిసారి. అది ఎలా సాధ్యమైందో, ఆ మనిషి ఎందుకు దక్కకుండా పోయాడో ఆలోచిస్తే మన భద్రతా వ్యవస్థకు పనికొచ్చే పాఠాలు రెండు దొరుకుతాయి.

శ్రీనివాస్‌ను నేను ఎన్నడూ కలవలేదు. కానీ డెహ్రాడూన్‌లో చక్రతా రోడ్డు మీదే ఇండియన్ మిలిటరీ అకాడమీ, అదే రోడ్డు మీద అటవీ పరిశోధనా సంస్థ ప్రాంగణంలో అటవీ అధికారుల శిక్షణ కళాశాల ఉన్నాయి. దాదాపు అదే కాలంలో నేను ఈ గేటులో, ఆయన ఆ గేటులో శిక్షణ పొందాం. ఆదివారాలు ఊళ్లోకి వెళ్లే దారిలో ఎదురుపడే ఉంటాం. మాకు నేర్పింది యుద్ధం. వాళ్లకు నేర్పింది చెట్టు, నేల, జంతువు, చట్టం. తుపాకులతో తిరిగే ముఠాను ఎదుర్కోవలసిన పని చివరికి వాళ్ల నెత్తిన కూడా పడింది.

అప్పటి పరిస్థితి కొంత చెప్పాలి. సత్యమంగళం నుంచి మలె మహదేశ్వర కొండల దాకా, అటు బిళిగిరిరంగ కొండలు, బండీపూర్ వరకు పరుచుకున్న అడవి దేశంలో ఏనుగులకు అతి పెద్ద ఆవాసాల్లో ఒకటి. ఆసియా ఏనుగుల్లో మగవాటికే పెద్ద దంతాలుంటాయి. కాబట్టి వేటగాడి గురి మగ ఏనుగు మీదే. వేట పెరిగినచోట ఆడ ఏనుగులు మిగిలి, మగవి అరుదైపోయి, మంద సంతతే దెబ్బతింటుంది. 1986లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి దేశీ దంతాల వ్యాపారాన్ని నిషేధించారు. దంతాలు తగ్గేకొద్దీ వీరప్పన్ గంధపు చెక్క మీద పడ్డాడు. చెట్లు నరకడానికీ, దుంగలు మోయడానికీ వందలాది చేతులు కావాలి. ఆ చేతులు చుట్టుపక్కల ఊళ్లలోని పేదలవి. కూలి డబ్బు ముఠా నుంచి వచ్చేది. కేసు, లాఠీ ప్రభుత్వం నుంచి వచ్చేవి. మరి ఊరు ఎవరి పక్షాన ఉంటుంది?

శ్రీనివాస్ తొలి పోస్టింగుల్లో ఒకటి చామరాజనగర్. 1986లో వీరప్పన్ పట్టుబడి, విచారణ కోసం బూదిపడగ అటవీ అతిథిగృహానికి వచ్చాడు. శ్రీనివాస్ అక్కడ లేని సమయంలో కాపలా కళ్లుగప్పి పారిపోయాడు. మరుసటి ఏడాదే తమిళనాడు అటవీ అధికారి చిదంబరాన్ని ఎత్తుకుపోయి చంపాడు. ఒక్క రాత్రి ఏమరుపాటుకు దక్షిణాది ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు మూల్యం చెల్లించింది. చేతికి చిక్కి జారిపోయిన మనిషి కోసం ఒక అధికారి ఎంతగా తపించి ఉంటాడో యూనిఫాం వేసుకున్నవాళ్లు ఊహించగలరు.

1990లో వీరప్పన్ పోలీసు అధికారులను కాల్చి చంపాక ప్రత్యేక కార్యదళం, అంటే ఎస్టీఎఫ్, ఏర్పడింది. అందులో అటవీ శాఖ తరఫున శ్రీనివాస్ కీలక బాధ్యత తీసుకున్నారు. ఆయన చేసిన మొదటి పని తుపాకీ పట్టుకుని అడవిలోకి పరుగెత్తడం కాదు, గోపీనాథంలోనే మకాం పెట్టడం. శత్రువు తల్లిగారి ఊరనదగ్గ చోట, అతని బంధువుల మధ్య, వాళ్ల భాష మాట్లాడుతూ బతకడం.

ఊరికి ఏం లేదో ఆయన చూశారు. తాగునీరు లేదు, ఏర్పాటు చేయించారు. వైద్యం లేదు, తిరిగే వైద్యశాలను తెప్పించి మందులిప్పించారు. కూలికి గంధపు దుంగ మోయడం తప్ప వేరే దారి లేదంటే, అటవీ శాఖ పనుల్లో పెట్టుకున్నారు. ఊరి కోరిక మారియమ్మ గుడి, దాన్ని కట్టించారు. ముఠా నుంచి బయటపడాలనుకునేవాళ్లకు లొంగిపోయే దారి చూపి, కోర్టుల్లో బెయిలు దొరికేలా సాయపడి, ఇంటికి చేర్చారు. ఒకరిని చూసి ఒకరు, ముఠాలోని పలువురు బయటికొచ్చారు.

దీన్ని కేవలం దయాగుణంగా చూస్తే ఆయన్ను తక్కువ అంచనా వేసినట్టే. సైనిక దృష్టితో చూడండి. అడవిలో దాక్కున్న ముఠాకు ఊపిరి ఊరు. బియ్యం, ఉప్పు, బీడీలు, తూటాలు, పోలీసులు ఎటు కదిలారన్న కబురు, అన్నీ ఊరి నుంచే వెళ్లాలి. ఊరిని విడదీస్తే అడవిలో మిగిలేది ఆకలితో ఉన్న కొందరు మనుషులు. మాకు కశ్మీర్‌లోనూ ఈశాన్యంలోనూ ఎన్నో ప్రాణాలు పోయాక గానీ ఒంటబట్టని ఈ సూత్రాన్ని, అధికార పత్రాల్లో దానికి ఘనమైన పేర్లు పెట్టకముందే, ఓ అటవీ అధికారి ఒక చిన్న ఊళ్లో అమలు చేసి చూపించాడు. వీరప్పన్‌కు కూడా అది అర్థమైంది. వందల మంది పోలీసుల కన్నా ఈ ఒక్క మనిషే తనకు ప్రమాదమని గ్రహించాడు. దానికి సొంత పగ తోడైంది. తన చెల్లెలు మారి ఆత్మహత్యకు శ్రీనివాసే కారణమని నమ్మాడు.

1991 నవంబరులో వీరప్పన్ తమ్ముడు అర్జునన్ ద్వారా కబురొచ్చింది. అన్న లొంగిపోతాడట, శ్రీనివాస్ ఆయుధం లేకుండా రావాలట. ఆయన బలగాన్ని వెంటబెట్టుకోలేదు. అర్జునన్‌తో, ఊరివాళ్లు కొందరితో కాలినడకన అడవిలోకి వెళ్లారు. నామదల్లి సమీపంలో ఓ వాగు దగ్గర మాటు వేసి ఉన్న వీరప్పన్ ఆయన్ను కాల్చి చంపి, తల నరికి తీసుకుపోయాడు. 1992 గణతంత్ర దినోత్సవాన ప్రభుత్వం మరణానంతరం కీర్తిచక్ర ప్రకటించింది. శాంతికాల శౌర్య పురస్కారాల్లో అశోకచక్ర తర్వాతి స్థానం దానిదే. సైన్యంలో దాన్ని ధరించిన మనిషి ఎదురైతే చూపు ముందు ఆ పతకం మీదే ఆగుతుంది. ఓ అటవీ అధికారికి అది దక్కడం అరుదు.

ఇప్పుడు రెండో పాఠం. చెప్పడానికి మనసొప్పదు గానీ చెప్పాలి. ఆ ఉదయం శ్రీనివాస్ చేసింది సైనికపరంగా తప్పు. లొంగిపోయేవాడు మన చోటికి రావాలి. మనం వాడి చోటికి వెళ్లకూడదు. ముందు ఆయుధం రావాలి, తర్వాత మనిషి రావాలి. సమయం, స్థలం మనం నిర్ణయించాలి. కనిపించని దూరంలో మన మనుషులు ఉండాలి. వీటిలో ఒక్కటీ ఆ రోజు జరగలేదు.

ఆయన్ను తప్పుపట్టే ముందు నా సంగతి చెబుతాను. తొంభయ్యో దశకంలో నేను అసోంలో ఒక కంపెనీకి నాయకత్వం వహిస్తున్నాను. ఓ మిలిటెంటు లొంగిపోతాడని అతని మేనమామ కబురు తెచ్చాడు. తేయాకు తోట వెనకున్న గుడిసెకు నేను ఒక్కడినే రావాలన్నది షరతు. ఆ మేనమామతో నాకు ఏడాది పరిచయం. అతని కూతురి పెళ్లికి వెళ్లి భోజనం చేశాను. వెళ్లడానికి సిద్ధమయ్యాను. నా కమాండింగ్ ఆఫీసర్ వైర్‌లెస్‌లో విని ఒకే మాటలో వద్దన్నారు. కావాలంటే అతణ్నే స్కూలు మైదానానికి రమ్మని చెప్పమన్నారు. నాకు కోపమొచ్చింది, చేతికొచ్చిన అవకాశం పోయిందనుకున్నాను. నాలుగు రోజులకు ఆ కుర్రాడు తుపాకీతో సహా మైదానానికే వచ్చాడు. నిజంగానే లొంగిపోవాలనుకున్నాడు. కాకపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు.

నాకూ శ్రీనివాస్‌కూ ఉన్న తేడా ధైర్యంలో లేదు. ధైర్యంలో ఆయన నాకన్నా ఎన్నో మెట్లు పైనున్నారు. నాకు వద్దని ఆపే గొలుసు ఒకటి పైన ఉంది. ప్రజలతో కలిసిపోయిన అధికారికి ఓ ప్రమాదం పొంచి ఉంటుంది. నమ్మకం ఆయన ఆయుధం. పదిసార్లు పనిచేసిన ఆయుధం పదకొండోసారీ పనిచేస్తుందనుకుంటాడు. అనుమానిస్తే ఇన్నాళ్లు కట్టుకున్నదంతా కూలుతుందనీ భయపడతాడు. అందుకే ఆ నిర్ణయాన్ని ఆయన ఒక్కడికే వదిలేయకూడదు. ఊరితో స్నేహం అధికారి చేయాలి. అనుమానించే పని వ్యవస్థ చేయాలి. సైనిక వ్యవస్థ నాకు ఇచ్చింది అదే. అడవిలో ఒంటరిగా నెగ్గుకొస్తున్న అధికారికి మన అటవీ వ్యవస్థ దాన్ని ఇవ్వలేదు.

ఆ తర్వాతి చరిత్ర తెలిసిందే. 1992 ఆగస్టులో మైసూరు ఎస్పీ హరికృష్ణ, ఎస్సై షకీల్ అహ్మద్ మాటుదాడిలో ప్రాణాలు కోల్పోయారు. 1993 ఏప్రిల్‌లో పాలార్ వద్ద మందుపాతర పేలి 22 మంది చనిపోయారు. సరిహద్దు భద్రతా దళం దిగింది. ఊళ్ల మీద ఒత్తిడి పెరిగింది. బలగాల శిబిరాల్లో అమాయకులను హింసించారన్న ఆరోపణలపై జాతీయ మానవ హక్కుల సంఘం విచారణ బృందాన్ని వేసింది. 2007లో 89 మందికి 2.8 కోట్ల రూపాయల పరిహారం ఇప్పించింది. శ్రీనివాస్ గెలుచుకున్న ఊళ్లనే మనం పోగొట్టుకున్నాం. 2000లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ 108 రోజులు బందీగా ఉన్నారు. చివరికి 2004 అక్టోబరు 18న వీరప్పన్ హతమయ్యాడు. ఎలా? కంటి చికిత్సకు తీసుకెళ్తామని నమ్మించి, ఎస్టీఎఫ్ మనుషులే అంబులెన్సులో అతణ్ని అడవి దాటించారు. తాము ఎంచుకున్న రోడ్డు మీద, తాము ఎంచుకున్న వేళ ఆపారు. 1991లో మన మనిషి అతని చోటికి వెళ్లాడు. 2004లో అతణ్ని మన చోటికి రప్పించారు. మధ్యలో పోయిన ప్రాణాలు ఎన్నో.

ఇది గడిచిన కథ కాదు. 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీల మూక ఇద్దరు అటవీ అధికారులను కొట్టి చంపింది. 2015 ఏప్రిల్‌లో అవే కొండల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. వాళ్లు తమిళనాడు కొండ ఊళ్ల నుంచి కూలి కోసం వచ్చిన పేదలు. దుంగను విదేశాలకు అమ్ముకునేవాడు ఆ రోజు అక్కడ లేడు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ రేంజి అధికారి పోడు వివాదంలో కత్తి వేటుకు బలయ్యారు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ బాధ అనుభవించినవే.

ఇలాంటి ప్రతి ఘటన తర్వాత అటవీ సిబ్బందికి తుపాకులివ్వాలన్న డిమాండు వస్తుంది. ఇవ్వవలసినచోట ఇవ్వాలి; లాఠీతో ముఠాను ఎదుర్కోమనడం అన్యాయం. కానీ తుపాకీతో పాటు ఇవ్వవలసినవి వేరే ఉన్నాయి. బీట్ గార్డు ఒంటరిగా తిరగకుండా జట్టు, పలికే వైర్‌లెస్, కబురు అందిన గంటలో కదిలే పోలీసు సాయం. లొంగుబాటుకు, ఊళ్లో గొడవకు వెళ్లేటప్పుడు పాటించాల్సిన లిఖిత నిబంధనలు, వద్దని చెప్పే అధికారమున్న పై అధికారి. ఊరితో పనిచేయడానికి కాస్త నిధి, బదిలీ భయం లేని నాలుగైదేళ్ల కాలం. ఇవేవీ యుద్ధవిమానాల ధరలు కావు.

ఏటా సెప్టెంబరు 11న దేశం అటవీ అమరవీరుల దినం పాటిస్తుంది. 1730లో రాజస్థాన్‌లోని ఖేజర్లీలో చెట్ల కోసం 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చిన రోజది. ఈసారి ఆ రోజున రాజమండ్రి బడుల్లో శ్రీనివాస్ పేరు ఒకసారి చెప్పగలిగితే బాగుంటుంది. గోపీనాథంవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను వెళ్లిన సాయంత్రం ఓ ముసలావిడ అమ్మవారికి హారతిచ్చి, అదే పళ్లెం ఆయన ఫొటో ముందు తిప్పి, తర్వాత నా ముందుకు తెచ్చింది. నేను కళ్లకద్దుకుని, అలవాటుగా అటెన్షన్‌లో నిలబడి వందనం చేసి బయటికొచ్చాను.