ఆన్రీ మిన్యే

ఆన్రీ మిన్యే (అక్టోబరు 19, 1893 - ఆగష్టు 31, 1965) ఫ్రాన్సు దేశానికి చెందిన విమాన రూపకర్త, రచయిత. సామాన్యుడు తన ఇంటి వద్దనే, తన చేతులతో, తక్కువ ఖర్చుతో నిర్మించుకోగల గుడ్డ రెక్కల చిన్న విమానం పూ ద్యు సియెల్‌ను రూపొందించి 1930లలో ఐరోపా అంతటా ప్రసిద్ధి చెందాడు. ఫ్రెంచి భాషలో ఈ పేరుకు ఆకాశపు పేను అని అర్థం. ఆంగ్లేయులు దీనిని ఫ్లయింగ్ ఫ్లీ అని పిలిచారు. విమానయానం ధనికులకు, సైన్యానికి మాత్రమే పరిమితమై ఉన్న కాలంలో ఈ విమానం వడ్రంగులకు, మెకానిక్కులకు, గుమాస్తాలకు ఎగరగలమన్న ఆశ కలిగించింది. అయితే దాని నిర్మాణంలో దాగి ఉన్న ఒక లోపం వలన కొందరు ప్రాణాలు కోల్పోగా, ప్రభుత్వాలు దానిని ఎగరనీయకుండా కట్టడి చేశాయి. ఆ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నంలోనే మిన్యే తన శేష జీవితాన్ని గడిపాడు.

తొలి జీవితం

మిన్యే పశ్చిమ ఫ్రాన్సులో, ప్రస్తుతం షరాంత్-మారిటీమ్ అని పిలువబడే ప్రాంతంలో జన్మించాడు. చిన్ననాటి నుండి ఎగరడం పట్ల ఎంతో ఆసక్తి కలిగి ఉండేవాడు. జర్మనీకి చెందిన గ్లైడర్ల మార్గదర్శకుడు ఒట్టో లిలియెంతాల్ 1896లో ప్రమాదంలో మరణించగా, ఆయన సోదరుడు గుస్టావ్ లిలియెంతాల్‌తో యువకుడైన మిన్యే ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. 1912లో తన మొదటి ప్రయోగాత్మక విమానాన్ని తయారు చేసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో రేడియో ఆపరేటరుగా పనిచేశాడు.

యుద్ధం ముగిసిన తరువాత మిన్యే ఒకదాని వెంట ఒకటిగా అనేక విమానాలు నిర్మించాడు. వీటికి తన పేరులోని పొడి అక్షరాలతో హెచ్.ఎం. అని వరుస సంఖ్యలు ఇచ్చాడు. వాటిలో పలు నమూనాలు సరిగా ఎగరలేదు. ఏ కర్మాగారమూ, ఏ ప్రభుత్వ సంస్థ అండా లేకుండా సొంత ఖర్చుతో చేసిన ప్రయోగాలు కనుక, ప్రతి వైఫల్యం నుండి నేర్చుకొనుటయే ఆయన విద్య అయింది.

హెచ్.ఎం.8

1928లో తయారైన హెచ్.ఎం.8 ఆయన తొలి విజయం. ఇది ఒకే ఆసనం, ఒకే జత రెక్కలు గల, సంప్రదాయ పద్ధతిలో నిర్మించిన తేలిక విమానం. అదే సంవత్సరం లే జేల్ అను ఫ్రెంచి విమానయాన పత్రికలో, ఔత్సాహికులు స్వయంగా విమానాలు నిర్మించుకొనుట సాధ్యమేనా అను విషయంపై మిన్యే వ్యాసం వ్రాశాడు. దానికి పాఠకుల నుండి మంచి స్పందన లభించింది. తరువాత హెచ్.ఎం.8 నిర్మాణ విధానాన్ని పుస్తకంగా వెలువరించాడు. దానిని అనుసరించి సుమారు 200 విమానాలు తయారైనట్లు అంచనా.

కొత్త రూపకల్పన

ఆ కాలంలో ఎక్కువ ప్రాణాలు తీసిన ప్రమాదం స్టాల్, దాని వెంట వచ్చే స్పిన్. విమానం వేగం మరీ తగ్గినపుడు రెక్కలు పైకి ఎత్తే బలాన్ని కోల్పోవడం స్టాల్. ఆ స్థితిలో విమానం బొంగరంలా తిరుగుతూ కూలిపోవడం స్పిన్. చేతులతో దండాన్ని, కాళ్ళతో పెడళ్ళను ఒకేసారి సమన్వయం చేయవలసి రావడం అనుభవం లేనివారికి కష్టమని, స్పిన్ ప్రమాదాలకు అదే ముఖ్య కారణమని మిన్యే భావించాడు. తాను కూడా ఆ విద్యలో నేర్పరి కాలేకపోయానని ఆయన దాచుకోలేదు. కనుక పైలట్‌ను మార్చుటకు బదులు విమానాన్నే మార్చదలచాడు.

ఈ ఆలోచన నుండి పుట్టినదే హెచ్.ఎం.14. దీనికి ముందు ఒక రెక్క, దాని వెనుక కొంచెం దిగువన మరొక రెక్క ఉంటాయి. సాధారణ విమానాలలో వలె అడ్డంగా ఉండే తోక రెక్క, అయిలరాన్లు, కాలి పెడళ్ళు దీనికి లేవు. దండాన్ని ముందుకు, వెనుకకు కదిపితే ముందు రెక్క వాలు మారి విమానం దిగడం, ఎగయడం జరుగుతుంది. పక్కలకు కదిపితే తోకలోని పెద్ద చుక్కాని తిరుగుతుంది. రెక్కల కొసలు పైకి లేచి ఉండుట వలన, చుక్కాని తిరిగినపుడు విమానం దానంతట అదే తగిన వైపుకు ఒరుగుతుంది. ఈ విధంగా మొత్తం నియంత్రణ ఒక్క చేతిలోకి వచ్చింది.

మిన్యే, ఆయన భార్య ఆనెత్ ఉత్తర ఫ్రాన్సులోని స్వసోఁ పట్టణానికి సమీపంలో, చెట్ల మధ్య గల ఖాళీ ప్రదేశంలో గుడారం వేసుకొని ఈ విమానాన్ని పరీక్షించారు. 1933 సెప్టెంబరు 10న హెచ్.ఎం.14 మొదటిసారి గాలిలోకి లేచింది. దీని ముందు రెక్క పొడవు సుమారు 6 మీటర్లు, విమానం నిడివి సుమారు మూడున్నర మీటర్లు. 17 అశ్వశక్తి గల చిన్న ఒబియే-దున్ ఇంజను దీనిని నడిపింది.

ఇంటిలో నిర్మాణం

1934లో మిన్యే ల స్పోర్ ద లేర్ అను పుస్తకాన్ని ప్రచురించాడు. ఇందులో పూ ద్యు సియెల్ కొలతలు, పటాలు, నిర్మాణ క్రమం, చివరకు ఎగరడం నేర్చుకొను పద్ధతి కూడా వివరించాడు. చెక్కపెట్టె తయారు చేయగలిగినవాడు ఈ విమానాన్ని తయారు చేయగలడని ఆయన నమ్మకం. శైలి హాస్యంతో కూడి, పాఠకుని స్నేహితునిగా సంబోధిస్తూ సాగడం ఈ పుస్తకానికి ఎక్కువ ఆదరణ తెచ్చింది.

విమానం మొండెం నిజంగానే ప్లైవుడ్‌తో చేసిన సన్నని పెట్టె. మూలలకు కర్ర పట్టీలు వేసి, జిగురుతో అతికించి, చిన్న మేకులతో బిగించేవారు. రెక్కకు ముఖ్య బలం పొడవునా సాగే కర్ర దూలం. దానికి అడ్డంగా, రెక్క వంపును బట్టి ఒకే అచ్చులో చేసిన తేలికపాటి చెక్క పక్కటెముకలను వరుసగా అమర్చేవారు. ఈ చట్రం మీద గుడ్డ పరచి అతికించి, దాని మీద డోపు అను సెల్యులోజ్ వార్నిష్‌ను పలు పూతలుగా పూసేవారు. డోపు ఆరినకొద్దీ గుడ్డ మద్దెల మీది తోలు వలె బిగుసుకుంటుంది, గాలి చొరనీయదు. బరువు తక్కువగా ఉండి, చిరిగితే ఇంటిలోనే మాసిక వేయగలిగే ఈ పద్ధతికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. ఒక గది, కొన్ని వడ్రంగి పనిముట్లు, ఓపిక చాలును.

ఐరోపాలో వ్యాప్తి

పుస్తకం వెలువడిన కొద్ది నెలలలోనే ఫ్రాన్సులో వందలాది మంది నిర్మాణం ప్రారంభించారు. 1935లో ఆంగ్లానువాదం వెలువడి త్వరగా అమ్ముడుపోయింది. అదే సంవత్సరం జూలైలో స్టీఫెన్ యాపిల్‌బీ బ్రిటన్‌లో నిర్మించిన మొదటి ఫ్లయింగ్ ఫ్లీని ఎగురవేశాడు. ఆగష్టులో మిన్యే స్వయంగా తన విమానంలో ఇంగ్లీషు ఛానెల్ దాటి బ్రిటన్ చేరుకోగా ప్రజలు ఘనస్వాగతం పలికారు. ఇటువంటి విమానాల కోసం బ్రిటిషు ప్రభుత్వం సాధారణ యోగ్యతా పత్రానికి బదులు సులభమైన అనుమతి విధానాన్ని ప్రవేశపెట్టింది. ఆ దేశంలో సుమారు 120 ఫ్లయింగ్ ఫ్లీలు నమోదయ్యాయి. స్వయంగా అన్నీ చేసుకోలేనివారికి కొన్ని సంస్థలు విడిభాగాలను, పూర్తి కిట్లను అమ్మసాగాయి. అమెరికాలో పారిశ్రామికవేత్త పావెల్ క్రాస్లీ 1935లో ఒక విమానాన్ని తయారు చేయించాడు.

ప్రమాదాలు, పరీక్షలు

ఈ ఉత్సాహం ఎక్కువ కాలం నిలువలేదు. 1935, 1936 సంవత్సరాలలో ఫ్రాన్సు, బ్రిటన్‌లలో వరుసగా ప్రాణాంతక ప్రమాదాలు సంభవించాయి. పలు ప్రమాదాలలో ఒకే లక్షణం కనిపించింది. కిందికి వాలిన విమానం తిరిగి పైకి లేవక, మరింత నిటారుగా దిగి నేలను ఢీకొట్టింది. ఔత్సాహికుల పనితనంలో, బరువులలో తేడాలు ఉండుట వలన మొదట నిర్మాణ దోషాలనే అనుమానించారు.

1936లో ఫ్రాన్సులోని షాలే-ముదోఁ, బ్రిటన్‌లోని ఫార్న్‌బరో పరిశోధనా కేంద్రాలలో పూర్తి పరిమాణం గల విమానాలను గాలి సొరంగాలలో ఉంచి పరీక్షించారు. దోషం చెక్కపనిలో కాక రూపకల్పనలోనే ఉన్నదని తేలింది. మామూలుగా దండాన్ని వెనుకకు లాగితే ముందు రెక్క వాలు పెరిగి విమానం ముక్కు పైకి లేవాలి. కానీ ముక్కు ఒక కోణాన్ని మించి కిందికి దిగినపుడు దీనికి విరుద్ధంగా జరిగింది. దండం లాగగానే ముందు రెక్క వెనుక అంచు కిందికి దిగి, రెండు రెక్కల నడుమ సందు ఇరుకయ్యేది. ఆ సందులో నుండి వేగంగా దూసుకుపోయే గాలి వెనుక రెక్కకు అదనపు బలం ఇచ్చేది. దానితో విమానం వెనుక భాగం లేచి ముక్కు ఇంకా కిందికి పోయేది. ప్రాణం కాపాడుకొనుటకు పైలట్ చేసే సహజ ప్రయత్నమే ప్రమాదాన్ని పెంచేది. స్పిన్ నుండి రక్షించుటకు రూపొందిన విమానంలో అంతకు ముందు ఎవరూ ఎరుగని మరొక ప్రమాదం ఏర్పడింది.

1936 ఆగష్టు 3న ఇంగ్లాండులోని రామ్స్‌గేట్‌లో ఫ్లయింగ్ ఫ్లీల అంతర్జాతీయ పందెం జరిగినప్పటికీ, అప్పటికే ప్రజలలో నమ్మకం సడలింది. అనుమతులు నిలిచిపోయి, సగం తయారైన విమానాలు అనేకం షెడ్లలోనే మిగిలిపోయాయి.

సవరణలు, తరువాతి జీవితం

మిన్యే తన ఆలోచనను విడిచిపెట్టలేదు. రెక్కల మధ్య దూరాన్ని, రెక్క వంపును, గరిమనాభి స్థానాన్ని మార్చి లోపాన్ని తొలగించాడు. అయితే పుస్తకాన్ని చూసి పాత కొలతలతో నిర్మించినవారందరికీ ఈ సవరణలు సకాలంలో చేరలేదు. తరువాతి నమూనాలు సురక్షితంగా ఎగిరినా, మొదటి విమానానికి వచ్చిన చెడ్డపేరు వాటిని కూడా వెంటాడింది.

రెండవ ప్రపంచయుద్ధం చివరి దశలో ఫ్రెంచి ప్రతిఘటన దళాల ఉపయోగార్థం హెచ్.ఎం.280ని రూపొందించాడు. యుద్ధానంతరం ఔత్సాహికుల కోసం హెచ్.ఎం.290, హెచ్.ఎం.360 మొదలైన నమూనాలను తయారు చేశాడు. అర్జెంటీనా, బ్రెజిల్, జపాన్, మొరాకో దేశాలలో నివసిస్తూ అక్కడ తన పద్ధతిలో విమానాల తయారీకి ప్రయత్నించాడు. వీటిలో ఏదీ పెద్ద వ్యాపారంగా స్థిరపడలేదు. చివరకు ఫ్రాన్సుకు తిరిగివచ్చి, 1965 ఆగష్టు 31న బోర్డో సమీపంలోని పెస్సాక్‌లో మరణించాడు.

ప్రభావం

నిర్మాణ రహస్యాలను దాచుకోకుండా అందరికీ పంచిపెట్టడం మిన్యే ప్రత్యేకత. ఆ పంపకంతో పాటు తాను ఎరుగని లోపం కూడా వందల ఇళ్ళకు చేరింది. గృహనిర్మిత విమానాలకు కూడా స్వతంత్ర పరీక్ష, తనిఖీ అవసరమన్న పాఠం ఆ ప్రమాదాల నుండి లభించింది. నేడు పలు దేశాలలో ఔత్సాహికులు కిట్ల నుండి విమానాలు నిర్మించుకొనునపుడు దశలవారీగా తనిఖీలు జరపడం ఆనవాయితీ.

ఫ్రాన్సులోని ఔత్సాహిక నిర్మాతల సంఘం పేరులో ఆయన పుస్తకం పేరు నిలిచి ఉంది. రెండు రెక్కలు ఒకదాని వెనుక ఒకటిగా గల ఆయన పద్ధతిని ఎమిలియెన్ క్రోసెస్ వంటి రూపకర్తలు కొనసాగించారు. 1980లలో మిన్యే పేరుతో నడిచిన సంస్థ తయారు చేసిన బాలెరీ అను తేలిక విమానాన్ని ఫ్రెంచి సైన్యం కూడా ఉపయోగించింది. ఫ్రాన్సు, బ్రిటన్ దేశాల మ్యూజియములలో హెచ్.ఎం.14 విమానాలు భద్రపరచబడి ఉన్నాయి. క్రాస్లీ తయారు చేయించిన విమానం అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ సేకరణలో ఉంది.