బలానికి, ఓర్పుకు లంకె వేసిన పాతబస్తీ ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణపు ఒడ్డున, హైకోర్టు భవనానికి పొరుగున ఉన్న సిటీ కళాశాల ఎందరో విద్యావంతులను, రాజకీయ నాయకులను తీర్చిదిద్దిన సంస్థగా సుప్రసిద్ధం. భారత ఫుట్‌బాల్ చరిత్రలోనూ ఆ ప్రాంగణానికి స్థానమున్నదన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ కళాశాల విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఏర్పరచుకున్న ఎలెవెన్ హంటర్స్ జట్టులో ఆడిన యువకుడే, అనంతర కాలంలో ఆసియా క్రీడలలో భారతదేశానికి రెండు పర్యాయాలు ఫుట్‌బాల్ స్వర్ణ పతకం సాధించిపెట్టిన శిక్షకుడు శ్రీ సయ్యద్ అబ్దుల్ రహీం.

శ్రీ రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి, ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల మొదలుకొని పలు పాఠశాలల్లో బోధించారు. ఆపై వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో క్రీడా బాధ్యతలను నిర్వహించారు. ఆయన్ను దేశం శిక్షకుడిగా ఎరుగును గాని, స్వభావరీత్యా ఆయన చివరివరకు బడిపంతులే. ఏ పిల్లవాని లోపమేమిటో కనిపెట్టి, ఆ లోపాన్ని సరిదిద్దే అభ్యాసాన్ని కల్పించడంలోనే ఆయన ప్రతిభ అంతా ఉన్నది.

ఆనాటి పాతబస్తీలో శరీర దారుఢ్యానికి కొరత లేదు. వీధివీధినా తాలింఖానాలు ఉండేవి. దండీలు, బస్కీలు, గదలు తిప్పడం, కుస్తీ పట్లు యువకుల నిత్యకృత్యం. నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిలు స్థిరపడిన బార్కస్ ప్రాంతమైతే మల్లయోధులకు, ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు ఏకకాలంలో పుట్టినిల్లు. అయితే తాలింఖానా పెంచే బలం వేరు, గంటకు పైగా ఎడతెగక పరుగెత్తే ఓర్పు వేరు. కండబలమున్న వానికి ఊపిరి చాలదు. ఊపిరి నిలిచే వానికి ఢీకొన్నప్పుడు కాలు నిలవదు. ఫుట్‌బాల్ ఆటకు ఈ రెండూ కావలసిందే.

భారత ఆటగాళ్ళ విషయంలో ఈ చిక్కు మరింత జటిలమైనది. ఆ రోజుల్లో మన దేశవాళీ పోటీలు ఎక్కువగా 70 నిమిషాలపాటే జరిగేవి. అంతర్జాతీయ పోటీ 90 నిమిషాలు. పైగా మనవారిలో పలువురు వట్టి కాళ్ళతోనే ఆడేవారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చలికి బిగుసుకున్న పాదాలతో ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 గోల్స్ తేడాతో ఘోర పరాజయం చవిచూసింది. శిక్షకుడు శ్రీ రహీంగారే. ఆ దరిమిలా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. బూట్లు తొడిగినంత మాత్రాన సమస్య తీరదు. ఆనాటి బరువైన తోలు బూట్లతో తడి మైదానంలో గంటన్నర పరుగెత్తాలంటే పిక్కలకు, తొడలకు అదనపు బలం, గుండెకు అదనపు సత్తువ రెండూ ఒకేసారి సమకూరాలి.

ఈ సమస్యకు శ్రీ రహీం కనుగొన్న పరిష్కారం ఆటలోనే ఇమిడి ఉన్నది. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఎన్నికైన నాటినుండి ఆయన వినూత్న పోటీలను ప్రవేశపెట్టారు. ఒక పోటీలో బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలి. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితో ఆడక తప్పదు. తత్ఫలితంగా శరీరంలో ఒక పక్క మాత్రమే బలపడే దోషం తొలగుతుంది. ఇంకొక పోటీలో బంతిని ఒంటరిగా దొర్లించుకుపోవడం నిషేధం. అందుకున్న వెంటనే సహచరునికి అందించాలి. అందించిన వాడు నిలబడి చూస్తూ ఉంటే ఆట సాగదు గనుక, ఖాళీ చోటుకు పరుగు తీయవలసినదే. ఈ విధంగా బంతి లేని ఆటగాడు కూడా ఆటంతా పరుగెత్తడం అలవాటు చేసుకున్నాడు. ఖరీదైన పరికరాలు గాని, వ్యాయామశాలలు గాని లేని కాలంలో, నియమం ఒకటి మార్చి దేహాన్ని మార్చడం నిజంగా ఉపాధ్యాయుని ఆలోచన.

1950 నుండి శ్రీ రహీం హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షణ బాధ్యత స్వీకరించారు. ఆటగాళ్ళు పోలీసు ఉద్యోగులు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయి రోవర్స్ కప్‌ను గెలుచుకున్నది. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్ అంతిమ పోటీ సమంగా ముగియగా, తిరిగి జరిపిన పోటీలో మోహన్ బగాన్‌ను ఓడించినది. నేటివలె పెనాల్టీలతో ఫలితం తేల్చే పద్ధతి నాడు లేదు. సమానమైతే మరల ఆడవలసినదే. అట్టి పోటీలలో నైపుణ్యంతోపాటు అలసట నుండి త్వరగా తేరుకునే శక్తియే విజేతను నిర్ణయించేదని వేరుగా చెప్పనక్కరలేదు.

సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన శ్రీ తులసీదాస్ బలరాంను గుర్తించిన ఉదంతం క్రీడాలోకంలో నేటికీ చెప్పుకుంటారు. శిక్షణకు హైదరాబాదు వచ్చిపోయే స్తోమత ఆ యువకునికి లేదని గ్రహించి, అద్దె సైకిలు నిమిత్తం శ్రీ రహీం రోజుకు ఒక రూపాయి చొప్పున ఇచ్చారు. రోజూ అంత దూరం సైకిలు తొక్కడం కూడా శిక్షణలో భాగమే అయినదని అనుకోవచ్చును!

1951 మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారత జట్టు ఇరాన్‌పై 1-0తో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా చరిత్రకెక్కి, నాల్గవ స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, బలరాం ప్రభృతులు హైదరాబాదు వారే. నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ ఇచ్చుకున్న దేశం ఇంత దూరం రావడం స్వర్ణ పతకం కంటె తక్కువ విషయమేమీ కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో 1-1గా సమం చేయడం మరొక మైలురాయి.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే శ్రీ రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడిస్తున్నది. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయిలాండుపై పోటీలో డిఫెండర్ జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గాయపడినవానిని వెనుక వరుసలో నిలపకుండా శ్రీ రహీం ముందు వరుసకు మార్చారు. దృఢకాయుడైన ఆ ఆటగాడు సెమీఫైనల్‌లో, ఫైనల్‌లో గోల్స్ సాధించాడు. సెప్టెంబరు 4వ తేదీన, భారత జట్టుపట్ల ప్రతికూలంగా ఉన్న వేలాది ప్రేక్షకుల కేకల నడుమ, మొదట ఓడించిన కొరియానే 2-1తో ఓడించి చునీ గోస్వామి నాయకత్వంలోని జట్టు స్వర్ణం చేజిక్కించుకున్నది. తొమ్మిది నెలలు గడిచాక, 1963 జూన్ 11న, శ్రీ రహీం తన 53వ ఏట కన్నుమూశారు.

బలాన్ని, ఓర్పును జోడించడంపై శాస్త్రీయ పరిశోధన ఆయన అనంతరమే ఊపందుకున్నది. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హిక్సన్ 1980లో వెలువరించిన అధ్యయనంలో, పది వారాలపాటు బరువుల సాధన, తీవ్రమైన ఓర్పు సాధన కలిపి చేసినవారిలో ఓర్పు చక్కగా పెరిగినా, కాళ్ళ బలం తొలి వారాల్లో పెరిగి, ఆగి, చివరి వారాల్లో తగ్గినట్లు తేలింది. రెండింటినీ మితిమీరి ఒకేచోట కుక్కితే ఒకటి రెండవదానిని అడ్డుతుందన్నమాట. సామాన్యునికి ఈ అడ్డంకి స్వల్పమేనని తదుపరి పరిశోధనలు సూచించాయి. రెండు సాధనల మధ్య కొన్ని గంటల విరామమిచ్చినా, వేర్వేరు రోజులకు మార్చినా, ముఖ్యమనుకున్నది ముందు చేసినా మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ స్థాయి నడక, సైకిలు, ఈత వంటి శ్రమతోపాటు, కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నింటికీ బలవర్ధక వ్యాయామం సిఫారసు చేశాయి. దినమంతా కార్యాలయాల్లో, వార్తా విభాగాల్లో కూర్చునేవారికి దండీలు, బస్కీలు రెండవ భాగాన్ని తీర్చగలవు; బరువులు కొననక్కరలేదు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని సంప్రదించి ప్రారంభించడం క్షేమం.

శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైనది; అప్పటికి శ్రీ రహీం గతించి 22 ఏళ్ళు. ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం 2024లో విడుదలైనది. ఆయన కుమారుడు, 1960 ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, ఫిఫా రిఫరీ అయిన శ్రీ సయ్యద్ షాహిద్ హకీం 2021లోను, అద్దె సైకిలుపై వచ్చిన శ్రీ బలరాం 2023 ఫిబ్రవరిలోను దివంగతులయ్యారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో హైదరాబాదుకే చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వాన లభించిన కాంస్యం తరువాత, ఆ క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టుకు మరొక పతకం రాలేదు.